ఐఎల్-6 ఎక్కువుందట... మళ్లీ తిరగబెడుతుందా?

ఉత్తరం సారాంశం: పేరు రాయొద్దన్నారు. వయసు 33, బరువు 58 కిలోలు, ఆరేళ్ల పాప ఉంది. హైదరాబాద్‌కు బస్సులో 5 గంటల దూరంలో ఉంటారు. కిందటేడాది ఉగాది వెళ్లిన వారానికి మొదలైన ఎక్కిళ్లు 12 రోజులు ఆగలేదు. ఏం తిన్నా వాంతి. గ్యాస్ అన్నారు, ఎండోస్కోపీ చేసి ఏమీ లేదన్నారు, చివరికి వాటంతట అవే తగ్గాయి. దసరా నాటికి కుడికన్ను కదిపితే నొప్పి, చూపు మసక. బీ12 సూదులు వేశారు. సంక్రాంతి ముందు రెండు కాళ్లూ తిమ్మిరెక్కి పట్టు తప్పాయి, మూత్రం ఆగిపోయింది. అప్పటి ఎంఆర్ఐలో మెడ దగ్గర వెన్నుపాములో సి3 నుంచి సి7 దాకా వాపు కనిపించింది. ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ గట్టి పాజిటివ్. జబ్బు పేరు న్యూరోమైలైటిస్ ఆప్టికా అని తేలింది, అంటే ఒంటి రోగనిరోధక శక్తే కంటి నాడినీ వెన్నుపామునూ దెబ్బతీసే జబ్బు. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకు 1 గ్రాము చొప్పున 5 రోజులు, ఆ తర్వాత రోజు విడిచి రోజు 5 సార్లు ప్లాస్మా మార్పిడి (యాంటీబాడీలున్న రక్తద్రవాన్ని తీసేసి మార్చడం). ఇప్పుడు 4 నెలలైంది, సొంతంగా నడుస్తున్నారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములు, రోగనిరోధక శక్తిని అణచే అజాథియోప్రిన్ 50 మిల్లీగ్రాములు వాడుతున్నారు. ఇలాగే కొనసాగాలా, రిటుక్సిమాబ్‌కు మారాలా, ఐఎల్-6ను అడ్డుకునే సూది మందుకు మారాలా, ఇంట్లో మాట్లాడుకుని చెప్పమన్నారు డాక్టరు. ఈలోగా ల్యాబ్‌లో పనిచేసే మరిది ఐఎల్-6 పరీక్ష చేయిస్తే 23 వచ్చింది, ల్యాబ్ పెట్టుకున్న హద్దు 7. అప్పటినుంచి నిద్ర లేదు. అమ్మ రోజూ పొద్దున్నే తిప్పతీగ కషాయం ఇస్తున్నారు, అక్క పసుపు మాత్రలు పంపింది. మొహం ఉబ్బిపోయింది కాబట్టి మాత్రలన్నీ ఆపేయాలనిపిస్తోంది. వేడినీళ్ల స్నానం చేస్తే కుడికన్ను కాసేపు మసకబారుతోంది. రెండో బిడ్డ సంగతి అత్తగారు అడుగుతున్నారు.

సమాధానం: మీ ఉత్తరంలో ఒక వాక్యాన్ని మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసేశారు. ‘పరీక్ష ఇచ్చిన వారం పాపకీ నాకూ జలుబు’ అని. ఆ 23కు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఐఎల్-6, అంటే ఇంటర్‌ల్యూకిన్-6, రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే కబురు లాంటిది. ఇలాంటి కబురు అణువులను సైటోకైన్లంటారు. జలుబు చేసినా, చిగుళ్లు వాచినా, అలవాటు లేని వ్యాయామం చేసినా, ఒంట్లో కొవ్వు ఎక్కువున్నా ఇది రక్తంలో పెరుగుతుంది. కొలత పికోగ్రాముల్లో ఉంటుంది. ఒక పికోగ్రాము గ్రాములో లక్ష కోట్లవ వంతు. పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో ఇది వందల్లోకి, వేలల్లోకి వెళ్తుంది. వాటి పక్కన మీ 23 ఏపాటిది? కరోనా రెండో వేవ్‌లో ఈ పరీక్ష పేరు ఇంటింటా వినపడింది గనుక అది పెరిగిందంటే గుండె గుభేలుమనడం సహజమే. అప్పుడు దాన్ని చూసింది ఒళ్లంతా రేగిన మంట ఎంత ఉందో అంచనా వేయడానికి. మీ జబ్బులో గొడవ జరిగేది వెన్నుపాములో, కంటి నాడిలో. జబ్బు విరుచుకుపడినప్పుడు ఐఎల్-6 బాగా పెరిగేది మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలో. చేతి నరంలోంచి తీసిన రక్తం ఆ సంగతి సరిగా చెప్పదు. మీ మరిది ప్రేమకొద్దీ చేయించారు, తప్పు పట్టక్కర్లేదు. కానీ ఆ పరీక్ష మళ్లీ చేయించకండి. తిరగబెడుతుందా లేదా అన్నది ఆ అంకె చెప్పలేదు.

ఇంకో తమాషా ఉంది. ఐఎల్-6ను అడ్డుకునే మందు మొదలుపెడితే రక్తంలో ఆ అంకె తగ్గకపోగా చాలా పెరుగుతుంది. ఆ మందు పట్టుకునేది ఐఎల్-6 వెళ్లి అతుక్కునే గ్రాహకాన్ని. అతుక్కునే చోటు లేక కబురంతా రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. ఉత్తరాలు రాశులు పోసి ఉన్నా ఇంటి తలుపు మూసి ఉంటే చదివేవాళ్లుండరు కదా. అది తెలియక మందు వేసుకున్న నెలకు పరీక్ష చేయించి బెంబేలెత్తేవాళ్లుంటారు.

అయితే ఆ మందును డాక్టరు ఎందుకు చెప్పినట్టు? మీ జబ్బులో తూముల కథ తెలిస్తే అది అర్థమవుతుంది. ఆక్వాపోరిన్ అంటే కణం గోడలో నీరు పారే తూము. మెదడులో, వెన్నుపాములో ఆస్ట్రోసైట్లనే కణాలు రక్తనాళాల చుట్టూ పాదాలు ఆనించి ఉంటాయి. ఆ పాదాల్లో నాలుగో రకం తూములు కిక్కిరిసి ఉంటాయి. మీ ఒంట్లో కొన్ని బీ కణాలు ఈ తూములనే శత్రువులనుకుని యాంటీబాడీలు తయారుచేస్తున్నాయి. ఈ యాంటీబాడీని 2004లో, అది పట్టుకునేది ఈ తూమునేనని 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు బయటపెట్టారు. అంతకుముందు ఈ జబ్బును ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల పైతొడుగును దెబ్బతీసే మరో జబ్బు)లో ఒక రకమనే చాలామంది అనుకునేవారు. యాంటీబాడీ తూముకు అతుక్కోగానే రక్తంలోని కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల గుంపు దిగి ఆ కణానికి చిల్లులు పెడుతుంది. ఆస్ట్రోసైట్లు పోయాక నరాల పైతొడుగు, ఆ వెనక నరమూ దెబ్బతింటాయి.

ఇందులో ఐఎల్-6కు మూడు చోట్ల చెయ్యి ఉంది. యాంటీబాడీలు పోసే ప్లాస్మాబ్లాస్ట్ కణాలను చావనివ్వకుండా బతికిస్తుంది. టీ కణాల్లో దూకుడుగా ఉండే టీహెచ్-17 రకం తయారయ్యేలా పురిగొల్పుతుంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడను వదులు చేస్తుంది, అక్కడినుంచే యాంటీబాడీలు లోపలికి చొరబడతాయి. 1986లో ఒసాకా విశ్వవిద్యాలయంలో తడమిత్సు కిషిమొతో, తొషియో హిరానో బృందం దీని జన్యువును పట్టుకున్నప్పుడు, బీ కణాలను యాంటీబాడీల తయారీకి నడిపించే కారకమన్న అర్థంలోనే దానికి పేరు పెట్టారు. మీ జబ్బులో అది చేస్తున్న పనీ అదే.

మీ ఎక్కిళ్లకు గ్యాస్‌తో సంబంధం లేదు. మెదడు అడుగున వాంతులను నడిపించే చిన్న కేంద్రం ఒకటుంటుంది. రక్తంలోకి ఏ విషం వచ్చిందో పసిగట్టాలి గనుక అక్కడ అడ్డుగోడ పుట్టుకతోనే పల్చన, తూములేమో ఎక్కువ. యాంటీబాడీలకు అది తెరిచిన తలుపు. రెండు రోజులకు మించి ఆగని ఎక్కిళ్లో వాంతులో మళ్లీ వస్తే కడుపు డాక్టరు దగ్గర ఆగిపోకుండా నేరుగా న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి.

ఇక ఎంపిక. దానికంటే ముందు మీ చేతిలో ఉన్న చీటీ ఒకసారి చూడండి. అజాథియోప్రిన్‌ను ఈ జబ్బులో కిలోకు రోజుకు 2 నుంచి 3 మిల్లీగ్రాముల లెక్కన వాడతారు. 58 కిలోలకు అది 116 నుంచి 174 మిల్లీగ్రాములు. మీరు వేసుకుంటున్న 50 మొదటి మెట్టు మాత్రమే. తెల్లకణాల లెక్క చూసుకుంటూ పెంచాల్సింది, ఏదో కారణంతో అక్కడే ఆగిపోయింది. తెల్లకణాలు తగ్గాయనా, లివర్ పరీక్ష తేడాగా వచ్చిందనా, లేక మధ్యలో చూపించుకోవడం కుదరలేదా? డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. పూర్తి మోతాదుకు చేరాక కూడా ఈ మందు పట్టు దొరకడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. అంటే ఈ 4 నెలలూ మిమ్మల్ని కాస్తున్నది ఎక్కువగా ఆ 40 మిల్లీగ్రాముల స్టెరాయిడే. మొహం ఉబ్బిందని దాన్ని మీ అంతట మీరు ఆపేస్తే రెండు ప్రమాదాలు: కాపలా లేని గుమ్మంలోంచి జబ్బు దూరుతుంది, ఇన్ని నెలలు నిద్రపోయిన అడ్రినల్ గ్రంథులు వెంటనే లేవక బీపీ పడిపోయి కుప్పకూలవచ్చు. వేరే మందు పట్టు దొరికాక స్టెరాయిడ్‌ను మెట్టుమెట్టుగా దింపుతారు, ఉబ్బు కూడా దానితోపాటే దిగుతుంది.

అజాథియోప్రిన్‌నే సరైన మోతాదుకు పెంచి కొనసాగించడం మొదటి దారి. చవక, మాత్రే కాబట్టి ప్రయాణాలు తక్కువ, గర్భంలో కూడా వాడిన అనుభవం చాలా ఉంది. కానీ మూడింటిలో దీని కాపలాయే బలహీనం. చైనాలో 118 మందిపై చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో అజాథియోప్రిన్ తీసుకున్న 59 మందిలో 28 మందికి జబ్బు తిరగబెట్టింది. ఐఎల్-6 గ్రాహకాన్ని అడ్డుకునే టొసిలిజుమాబ్ తీసుకున్న 59 మందిలో 8 మందికే. అదీగాక మన ఆసియా జనాల్లో ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లకు మామూలు మోతాదు కూడా తెల్లకణాలను ఊడ్చేస్తుంది. మందు మొదలైన కొన్ని వారాల్లోనే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడితే అది హెచ్చరిక, అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. జన్యుపరీక్ష దొరుకుతుంది, మోతాదు పెంచేముందు చేయించుకుంటే మేలు. గౌట్ అనే కీళ్లనొప్పుల జబ్బుకు యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ మాత్రలను దీనితో కలిపితే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఎవరివో ఉంటే మీ డబ్బాలో కలవనివ్వకండి.

రిటుక్సిమాబ్ బీ కణాలనే తుడిచేస్తుంది. జపాన్‌లో 38 మందిపై చేసిన పరీక్షలో మందు పడిన 19 మందిలో ఒక్కరికీ తిరగబెట్టలేదు, ఉత్తుత్తి సూది పడిన 19 మందిలో 7 మందికి తిరగబెట్టింది. సాధారణంగా 1 గ్రాము సెలైన్‌లో కలిపి ఒక రోజు, మళ్లీ 15వ రోజు ఇంకో గ్రాము, ఆ తర్వాత 6 నెలలకోసారి ఇస్తారు. మొదటిసారి 5, 6 గంటలు పడుతుంది. గొంతు దురదపెట్టినా, చలి వచ్చినా, ఛాతీ పట్టేసినట్టున్నా ఓర్చుకుని కూర్చోకుండా నర్సుకు చెప్పండి. చుక్కల వేగం తగ్గిస్తే చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది. మీకున్న 5 గంటల బస్సు ప్రయాణం లెక్కన చూస్తే ఏడాదికి రెండు విడతలు నెలనెలా తిరగడం కంటే తేలిక. అయితే మొదటి విడత పడిన కొన్ని వారాల్లో యాంటీబాడీలు ఒకసారి ఎగదన్ని జబ్బు తిరగబెట్టడం కొందరిలో చూశారు. అందుకే అప్పుడే స్టెరాయిడ్ తగ్గించరు. కొందరిలో 6 నెలలు నిండకముందే బీ కణాలు తిరిగొస్తాయి గనుక మధ్యలో సీడీ19 లెక్క (రక్తంలో బీ కణాల సంఖ్య) చూడటం మంచిది. మొదలుపెట్టేముందు హెపటైటిస్-బీకి రెండు పరీక్షలు కావాలి. ఒకటి మామూలుగా చేసే హెచ్‌బీఎస్ఏజీ, రెండోది పాత ఇన్ఫెక్షన్‌ను పట్టే యాంటీ-హెచ్‌బీసీ. మొదటిది నెగెటివ్ అని రెండోది వదిలేస్తే, లివర్‌లో నక్కిన వైరస్ ఈ మందుతో నిద్ర లేస్తుంది.

మూడోది ఐఎల్-6 దారి. టొసిలిజుమాబ్‌ను కిలోకు 8 మిల్లీగ్రాముల చొప్పున 4 వారాలకోసారి సెలైన్‌లో ఇస్తారు. మీ బరువుకు 464 మిల్లీగ్రాములు, అంటే 400 వయల్ ఒకటి, 80 వయల్ ఒకటి. ఇదే గ్రాహకాన్ని పట్టే సాట్రలిజుమాబ్‌ను చర్మం కింద 120 మిల్లీగ్రాములు 0, 2, 4 వారాల్లో, ఆ తర్వాత 4 వారాలకోసారి ఇస్తారు. 2020లో అమెరికా దాన్ని ప్రత్యేకంగా ఈ జబ్బుకే అనుమతించింది. ధర మాత్రం మధ్యతరగతికి అందదు. టొసిలిజుమాబ్‌ను ఈ జబ్బుకు లేబుల్‌లో లేని వాడకంగా రాస్తారు, ఆ మాట బీమా కాగితాల్లో గొడవ తెస్తుంది. నెల తేదీ దాటితే పట్టు సడలుతుంది కాబట్టి పంట పనులు, పెళ్లిళ్లు అని వాయిదా వేసేవాళ్లకు ఇది పనికిరాదు. కొలెస్టరాల్ పెరగొచ్చు, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తగ్గొచ్చు, లివర్ ఎంజైములు ఎగబాకొచ్చు. అన్నిటికంటే చెప్పాల్సిన సంగతి ఇంకొకటుంది.

జ్వరం తెప్పించేదీ, ఇన్ఫెక్షన్ ఉందేమోనని రక్తంలో చూసే సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను లివర్ చేత తయారుచేయించేదీ ఐఎల్-6 కబురే. దాన్ని మూసేస్తే ఒంట్లో చీము పడుతున్నా థర్మామీటరు 99 దాటకపోవచ్చు, సీఆర్‌పీ నార్మల్ అని రావచ్చు. మీ ఊళ్లో ఆర్‌ఎంపీయో కొత్త డాక్టరో ఆ రెండూ చూసి ‘ఏం లేదమ్మా, నీరసం’ అని పంపేస్తారు. మీకు వెన్నుపాము దెబ్బతిని మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాని రోజులున్నాయి గనుక మూత్రంలో ఇన్ఫెక్షన్ అవకాశం ఎక్కువ. మంట, దుర్వాసన, కాళ్లు బిగుసుకుపోవడం పెరగడం, కారణం లేని నిస్సత్తువ, వీటిలో ఏది కనిపించినా జ్వరం కోసం ఎదురుచూడకుండా మూత్రపరీక్ష, కల్చర్ చేయించాలి. మందు పేరు, చివరి డోసు తేదీ, ‘సీఆర్‌పీని నమ్మొద్దు’ అన్న మాట ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకోండి.

రెండు సూది మందుల్లో ఏదైనా సరే టీబీ పరీక్ష ముందే అవ్వాలి. టీకాలు కూడా మందుకు కనీసం 4 వారాల ముందు వేయించుకోవాలి. ముఖ్యంగా రిటుక్సిమాబ్ తర్వాత వేస్తే ఒంటికి పట్టవు. బతికున్న క్రిములతో చేసే టీకాలు మాత్రం ఇప్పుడున్న మందుల మీద కూడా వద్దు.

మీరు చెప్పిన వివరాలతో చూస్తే, 10 నెలల్లోనే మూడుసార్లు దెబ్బ తిన్న మనిషికి బలహీనమైన కాపలా సరిపోతుందనిపించడం లేదు. ఈ జబ్బులో ఒక్కో దాడి మిగిల్చిన లోటు చాలావరకు అలాగే ఉండిపోతుంది. దూరం, ఖర్చు రెండూ కలిపితే రిటుక్సిమాబ్ మీ ఇంటి పరిస్థితికి అనువుగా కనిపిస్తోంది. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దీని బయోసిమిలర్ (అసలు మందుకు దాదాపు సాటి వచ్చే మందు) తెచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి, ధరల్లో తేడా బాగా ఉంటుంది, విచారించండి. హెపటైటిస్-బీ బయటపడినా, ఇమ్యూనోగ్లోబులిన్లు (రక్తంలోని యాంటీబాడీలు) ఇప్పటికే తక్కువున్నా, దీని మీద ఉండగా తిరగబెట్టినా అప్పుడు ఐఎల్-6 దారి ముందుకొస్తుంది. కుటుంబ బీమా ఉంటే ‘మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్’ అన్న మాట పాలసీలో ఎక్కడుందో వెతకండి. బీమా నియంత్రణ సంస్థ 2019లో తప్పక చేర్చాల్సిన ఆధునిక చికిత్సల జాబితాలో దాన్ని పెట్టింది. కాకపోతే చాలా పాలసీలు దానికి విడిగా పరిమితి పెడతాయి. ఎంత పరిమితో ముందే మెయిల్‌లో రాయించుకోండి.

అమ్మగారి కషాయం సంగతి. తిప్పతీగను ఇమ్యూనిటీ పెంచుతుందని అమ్ముతారు. మీ ఇమ్యూనిటీయే ఒక చోట గాడి తప్పి మీ మీదికి వచ్చింది. దాన్ని అణచడానికి మాత్రలు మింగుతూ, రేపడానికి కషాయం తాగడమేమిటి? పైగా 2021 నుంచి మన దేశపు లివర్ నిపుణులు తిప్పతీగ తాగినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదు చేస్తూ వచ్చారు, వాటిలో ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లా కనిపించినవి ఉన్నాయి. పసుపు కూరలో వేసుకోండి, దానికేం. మాత్రల్లో వచ్చే కర్క్యుమిన్ ప్రయోగశాల పళ్లెంలో ఐఎల్-6ను తగ్గించిన మాట నిజమే కానీ నోటితో మింగితే రక్తంలోకి చేరేది అత్యల్పం. అందుకని మిరియాల సారం కలుపుతారు, ఆ కలిపినవాటితోనే లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారు. మీ లివర్ ఎంజైములు పెరిగితే అజాథియోప్రిన్ వల్లో కషాయం వల్లో తేల్చలేక డాక్టరు పనికొచ్చే మందును ఆపాల్సి వస్తుంది. అమ్మగారికి ఈ చివరి వాక్యం ఒక్కటి చదివి వినిపించండి, ఆవిడే గిన్నె పక్కన పెడతారు.

రెండో బిడ్డ విషయం అత్తగారికి ‘వద్దు’ అని చెప్పక్కర్లేదు, ‘ఇప్పుడు కాదు’ అని చెప్పండి. కనీసం ఏడాది జబ్బు నెమ్మదించాక ఆలోచించేది. ఈ జబ్బు గర్భంలో ఉన్నన్నాళ్లూ పూర్తిగా ఊరుకోదు, పురుడైన మొదటి 3 నెలలూ మరీ ప్రమాదం. ఆ సమయంలో మందు లేకుండా ఉండకూడదు. అజాథియోప్రిన్ గర్భంలో కొనసాగించవచ్చు. రోగనిరోధక శక్తిని అణచే మరో మందు మైకోఫినోలేట్ ఎవరైనా రాస్తే మాత్రం నెల తప్పకముందే, కనీసం 6 వారాల ముందు ఆపాల్సిన మందు అది. రిటుక్సిమాబ్ లేబుల్‌లో చివరి డోసు తర్వాత 12 నెలలు ఆగమని ఉంటుంది, ఈ జబ్బులో అనుభవమున్న డాక్టర్లు చాలామంది అంతకంటే తక్కువకే ఒప్పుకుంటారు. ఎంపిక చేసుకునే రోజే ఈ కోరికను డాక్టరు ముందు పెట్టండి, తర్వాత పెడితే లెక్కలు మారిపోతాయి.

స్నానం సంగతి భయపడాల్సింది కాదు. తొడుగు దెబ్బతిన్న నరంలో, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా కరెంటు సరిగా పారదు. చల్లబడగానే చూపు తేటపడుతుంది. గోరువెచ్చని నీళ్లు పోసుకోండి, మే నెల ఎండలో 11 దాటాక బయటికి వెళ్లకండి. జ్వరమో మూత్రంలో ఇన్ఫెక్షనో ఉన్నప్పుడూ పాత లక్షణాలు ఇలాగే పైకి వస్తాయి, దాన్ని దాడి అనుకుని స్టెరాయిడ్ సూదులకు పరుగెత్తకుండా ముందు మూత్రపరీక్ష చేయించాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా కొత్త మసకో, కొత్త తిమ్మిరో వచ్చి 24 గంటలు దాటినా, మూత్రం పట్టేసినా అప్పుడు ఆగకూడదు. 5 గంటల బస్సయినా సరే ఆ రాత్రే బయల్దేరండి. ప్లాస్మా మార్పిడి కిందటిసారి మీకు పనిచేసింది. అవసరమైతే అది ఎంత తొందరగా మొదలైతే నరం అంత ఎక్కువగా దక్కుతుంది. పాత ఎంఆర్ఐ సీడీ, యాంటీబాడీ రిపోర్టు, అప్పటి డిశ్చార్జి కాగితం ఒకే సంచిలో తలుపు పక్కన వేలాడదీసి ఉంచండి.